జెట్టీ కొసన ఇత్తడి బోల్టు

మా వదినకు దీవి మీద పనిచేసేవాళ్ళు పెట్టిన పేరు మిల్లీమీటరు. మొహం మీద ఆ పేరుతో పిలిచే ధైర్యం ఎవరికీ లేదు, నాకు తప్ప. నేను ఆడపడుచుని. ఆ హక్కు మా అన్న పెళ్ళినాడే నా చేతికొచ్చింది. దాన్ని ఒక్కరోజు కూడా ఊరికే ఉంచలేదు.

ఆమె పని నేల ఎత్తు కొలవడం. మూడు కాళ్ళ మీద నిలబెట్టిన లెవెల్ అనే దుర్భిణిలోంచి ఒక కంటితో చూసి, దూరంగా ఉన్న స్టాఫ్ మీది అంకె చదివి పుస్తకంలో రాస్తుంది. స్టాఫ్ అంటే నాలుగు మీటర్ల కొలబద్ద, నిటారుగా ఉందో లేదో చూపించే నీటి బుడగ ఒకటి దానికి బిగించి ఉంటుంది. ఎండలో, గాలిలో దాన్ని నిటారుగా పట్టుకుని నిలబడే మనిషిని నేను. ఇరవై రెండేళ్ళుగా ఒక కన్ను మూసుకుని చూసీ చూసీ ఆమె ఎడమ కంటి చుట్టూ ముడతలు పడ్డాయి. కుడి పక్క మొహం మాత్రం పెళ్ళి ఫోటోలో ఉన్నట్టే ఉంది. పక్కింటివాళ్ళు గోడకు కొత్త అలమర బిగించుకుని చూడమని పిలిస్తే, "బావుంది. ఎడమ పక్క మూడు మిల్లీమీటర్లు దిగింది" అని చెప్పి వచ్చేసింది. వాళ్ళు మళ్ళీ పిలవలేదు.

మా అన్న దర్జీ. ఇంటి ముందు గదే కొట్టు. ఆయన అంగుళాల్లో, ఆవిడ మిల్లీమీటర్లలో, మధ్యన నేను. ఆ మధ్య అన్న కొత్త టేపు కొన్నాడు. ఆ నెల కుట్టిన చొక్కాలన్నీ బిగుతని తిరిగొచ్చాయి. చూస్తే, పాత టేపు ఏళ్ళ తరబడి సాగిపోయి ఉంది. మనిషిని కొలిచేదీ దానితోనే, గుడ్డ కత్తిరించేదీ దానితోనే కాబట్టి అన్నాళ్ళూ ఎవరికీ తేడా తెలియలేదు. పుస్తకంలోని పాత కొలతలకు కొత్త టేపు పట్టేసరికి బండారం బయటపడింది. వదిన కడుపుబ్బ నవ్వింది. "జనాన్ని కొలిచేముందు టేపుని కొలుచుకోవాలండీ" అని ఆయనకు పాఠం చెప్పింది. అన్న తల వంచుకుని కుట్లు విప్పుకుంటూ కూర్చున్నాడు.

ఇక దీవి సంగతి. మూడేళ్ళ క్రితం అక్కడ ఉన్నది నీళ్ళే. ఒడ్డుకు కిలోమీటరు కన్నా కాస్త తక్కువ దూరంలో ఒక పెద్ద ఓడ వచ్చి నిలబడి, సముద్రం అడుగు నుంచి ఇసుకను పీల్చి, గొట్టంలోంచి ఆకాశానికి చిమ్మడం మొదలుపెట్టింది. రాత్రింబగళ్ళు అదే పని. నెలల తరబడి ఏమీ కనపడలేదు. ఒకనాటి ఉదయం నీళ్ళ మీద గోధుమరంగు వీపు ఒకటి తేలింది. మంచమంత ఉంటుందేమో. ఒక తెల్లటి పక్షి వచ్చి దాని మీద దిగింది. ఒడ్డున నిలబడ్డ మేమంతా ఎగిరి గంతులేశాం. నాకు ఏడుపొచ్చింది, ఎందుకో ఇప్పటికీ చెప్పలేను. మనుషులు నేలను తయారుచేశారు, అది నా కళ్ళముందు పుట్టింది, అంతే.

తర్వాత చుట్టూ బండరాళ్ళ గోడ వచ్చింది. నడుమ ఆరంతస్తుల హోటలు లేచింది. ఒక కొసన పొడవాటి జెట్టీ, దాని చివర ఆరువందల మంది ఒకేసారి నిలబడగలిగే గాజు మంటపం కట్టారు. ఆ గాజు నేల మీద నిలబడితే కాళ్ళ కింద సముద్రం కదులుతూ కనిపిస్తుంది. పనిలేకపోయినా రోజుకోసారి వెళ్ళి నిలబడేదాన్ని. ప్రారంభం రోజున అతిథులంతా అక్కడే గుమిగూడతారని, పై నుంచి ఫోటోలు తీస్తారని చెప్పారు. మాకూ పాసులిచ్చారు. అన్న నాకు నీలం రంగు గుడ్డ తెచ్చి కత్తిరించాడు కూడా.

ఇంత సంబరంలోనూ మొహం మాడ్చుకుని ఉండేది మా లాంచీ సరంగు ఒక్కడే. రోజూ మమ్మల్ని పది నిమిషాల్లో దీవికి చేర్చేవాడు ఆయనే. అంతకుముందు ఇరవై ఏళ్ళు అదే నీళ్ళలో వల వేశాడు.

"నువ్వు గంతులేసే ఆ ఇసక కింద ఏముందో తెలుసా? నీటిగడ్డి. ఎకరాలకెకరాలు. తాబేళ్ళు మేకల్లా మేసేవి. చేపలు గుడ్లు పెట్టేది అందులోనే. ఏడాది పాటు నీళ్ళు టీ రంగులో ఉన్నాయి. ఇంకెక్కడి గడ్డి?" అనేవాడు.

"గోడ రాళ్ళ సందుల్లో కొత్త చేపలు వస్తాయన్నారుగా బాబాయ్."

"వస్తాయి. అద్దెకొచ్చినవాళ్ళు" అని తెడ్డు వేసినట్టు మాట వేసి ఊరుకునేవాడు. ఒడ్డున దక్షిణం వైపు ఆయన వలలు ఆరబెట్టుకునే ఇసుక మేట కూడా ఆ ఏడు సగానికి సగం కోసుకుపోయింది. దీవి అడ్డం రావడంతో ఇసుకను మోసుకొచ్చే ప్రవాహం దారి మళ్ళిందని వదిన చెప్పింది. నేను విన్నాను, అయ్యో అన్నాను, మళ్ళీ గాజు మంటపం మీదికి పరిగెత్తాను. ఉన్నమాట చెప్పుకోవాలి కదా.

దీవి మీద మా పనేమిటంటే, అది ఎంత దిగుతోందో చూడటం. దిగడం తప్పు కాదు. ఇసుక కింద మెత్తటి ఒండ్రు ఉంది. పరుపు మీద బీరువా పెడితే కొంత దిగుతుంది కదా, అలాగే ఒండ్రులోని నీళ్ళు మెల్లగా బయటికి పోతుంటే పైనున్నది దిగుతుంది. ఎంత దిగాలి, ఎప్పటికి ఆగాలి అన్నది ముందే లెక్క కట్టి ఉంచుతారు. ఆ లెక్క నిజమవుతోందో లేదో వారం వారం నలభై ఒక్క చోట్ల కొలిచి చెప్పడం వదిన పని. గోడ ఎంత ఎత్తు ఉండాలి, తుపాను అల ఎక్కడిదాకా వస్తుంది, హోటల్లో జనాన్ని ఎప్పుడు ఎక్కించవచ్చు, అన్నీ ఆ అంకెల మీదే ఆధారపడి ఉన్నాయి.

ఎత్తు కొలవాలంటే కదలనిది ఒకటి ఉండాలి. దాన్ని బెంచ్ మార్కు అంటారు. మాది మొదట ఒడ్డున, దీపస్తంభం కింద రాతిలో దిగ్గొట్టిన ఇత్తడి బోల్టు. కానీ అక్కడి ఎత్తును నీళ్ళ మీదుగా దీవికి తీసుకురావడం మాటలు కాదు. గాలి ఉండకూడదు, ఎండ వేడికి చూపు వణకకూడదు, రెండు ఒడ్ల నుంచీ కొలవాలి. సగం రోజు అందుకే పోయేది. నాలుగోసారికి అందరికీ విసుగొచ్చింది. దీవి జెట్టీ కొసన పెద్ద పెద్ద కాంక్రీటు పెట్టెల్ని గట్టి అడుగు మీద కూర్చోబెట్టాం, అది కదిలేది కాదని చీఫ్ ఇంజనీరు గారన్నారు. వదిన చూసింది, రెండు రోజులు ఆలోచించింది, సరేనంది. జెట్టీ కొసన కొత్త ఇత్తడి బోల్టు బిగించి, అప్పటి నుంచి పద్నాలుగు నెలలు దాన్నే పట్టుకుని మొత్తం దీవిని కొలిచింది.

ఆ పద్నాలుగు నెలలూ నాకు నరకం. ఎందుకంటే దీవి దిగలేదు. పైగా కాస్త లేచింది.

నవ్వకండి. వారానికి అర మిల్లీమీటరు చొప్పున హోటలు పైకి లేస్తున్నట్టు అంకెలు వచ్చాయి. మొదట్లో నేల మీద కుప్పపోసిన అదనపు ఇసుకను తీసేశాక, బరువు తగ్గి నేల కాస్త ఊపిరి తీసుకుంటుందని చీఫ్ ఇంజనీరు గారు సంతోషించారు. వదిన ఒప్పుకోలేదు. ఊపిరి ఇన్నాళ్ళు తీసుకోదని ఆమెకు అనుమానం. లెవెల్ సరిచూసుకుంది, సరిగానే ఉంది. ఇక మిగిలింది ఎవరు? నేను. బోల్టు మీద పెట్టిన స్టాఫ్ ఏమాత్రం వాలినా అక్కడి అంకె ఎక్కువ చూపిస్తుంది, దాంతో మిగతా చోట్లన్నీ ఎత్తుగా కనిపిస్తాయి. నాకేమో లాంచీ ఎక్కితే కళ్ళు తిరుగుతాయి. దిగీ దిగగానే మొదట స్టాఫ్ పట్టుకునేది ఆ బోల్టు మీదే.

"లాంచీ దిగి కాసేపు కూర్చో అంటే వినవు. మళ్ళీ వాల్చావు."

"వాల్చలేదు వదినా. బుడగ నడిమధ్యన ఉంది, చూడు."

"బుడగ మధ్యనే ఉంది. నువ్వే ఉన్నావో లేదో చూసుకో."

అని పుస్తకంలో చివరి గడిలో 'స్టాఫ్ వాలింది' అని రాసేది. ఆ పుస్తకాల్లో రబ్బరు వాడకూడదు. తప్పు రాస్తే ఒక్క గీత మాత్రం కొట్టి, పక్కన పొట్టి సంతకం పెట్టి, పైన సరైన అంకె రాయాలి. కింద రాసింది ఎప్పటికీ కనపడుతూనే ఉండాలి. ఇరవై రెండేళ్ళలో వదిన గీత కొట్టిన పేజీ ఒక్కటి కూడా లేదని సర్వే ఆఫీసంతా కథలుగా చెప్పుకునేది. నా మీద రాసిన మాటా అలాగే ఉండిపోతుంది. లెవెల్ దగ్గర కన్ను పెట్టే పని నేర్చుకోవాలని నాకు ప్రాణం లాగేది. పరీక్షకు కూర్చోవాలంటే ఆమె సంతకం కావాలి. "నెల రోజులు వాల్చకుండా పట్టుకో, పెడతా" అనేది. ఆ నెల రోజులు పద్నాలుగు నెలల్లో రాలేదు. ఇంట్లో అన్నం వడ్డించేటప్పుడు నాకే ముందు వడ్డించే మనిషి, దీవి మీద నన్ను నమ్మలేదు. అది నాకు తగలాల్సిన చోటే తగిలింది.

ప్రారంభం ఇంకా తొమ్మిది రోజులుందనగా, నేను జారిపడ్డాను.

ఆ రోజు పోటు బాగా ఎక్కువ. వదిన ఆఫీసులో ఉండిపోతే, సామాను చేర్చడానికి నేనొక్కదాన్నే బయల్దేరాను. మా ఒడ్డున లాంచీ ఎక్కేటప్పుడు బల్ల సమంగా ఉంది. బల్ల అంటే లాంచీకి, జెట్టీకి మధ్య వేసే చెక్క. రెండు జెట్టీలూ ఒకే ఎత్తున కట్టారు కాబట్టి రెండు చోట్లా అదే బల్ల. పది నిమిషాల్లో దీవి చేరి, సరంగు బల్ల వేయగానే నేను భుజాన స్టాఫ్‌తో అడుగేశాను. బల్ల కిందికి జారుడుబండలా వాలి ఉంది. సర్రున జారి జెట్టీ మీద కూలబడ్డాను. స్టాఫ్‌ని మాత్రం చంటిపిల్లలా రొమ్ముకు హత్తుకున్నాను, దానికి గీత కూడా పడలేదు.

"చెక్కలు కొట్టుకుపోయాయమ్మా, చూసుకోలేదు" అని సరంగు నొచ్చుకున్నాడు.

"ఏం చెక్కలు?"

"బల్ల కింద పెట్టేవి. ఈ పక్క సముద్రం ఎత్తు కదా. మొదట్లో ఒక చెక్క సరిపోయేది. వానలప్పుడు రెండోది పెట్టాను. మొన్నీమధ్య మూడోది. రాత్రి అలలకి మూడూ పోయాయి."

నేను లేచి బట్టలు దులుపుకుని నవ్వాను. సాయంత్రం ఇంట్లో భోజనాల దగ్గర అభినయించి మరీ చెప్పాను. సరంగు బాబాయికి సముద్రం ఒక పక్క ఎత్తు, ఒక పక్క పల్లమట, పాపం వయసు మీదపడిందన్నాను. అన్న నవ్వాడు. వదిన నవ్వలేదు. ఆమె చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఇక్కడ ఎక్కినప్పుడు బల్ల సమంగా ఉందా?"

"ఆ."

"పది నిమిషాల తర్వాత అక్కడ వాలిందా?"

"ఆ. అదే కదా నవ్వు."

"నీళ్ళు రెండు చోట్లా ఒకటే ఎత్తు" అంది వదిన, తనలో తాను చెప్పుకుంటున్నట్టు. "లాంచీ ఒకటే. బల్ల ఒకటే."

ఆమె మెల్లగా తలెత్తి ముందు గదిలో మేకుకు వేలాడుతున్న టేపు వైపు చూసింది. అన్న కూడా అటే చూశాడు. ఆయన ఇరవై మాటలనొచ్చు, ఆ ఏడాదంతా పడ్డదానికి వడ్డీతో సహా తీర్చుకోవచ్చు. దానికి బదులు మంచినీళ్ళ గ్లాసు ఆమె వైపు జరిపాడు.

అప్పుడు నాకూ వెలిగింది. బోల్టే దిగుతోంది. దీవితో పాటు జెట్టీ దిగుతోంది, జెట్టీ మీది బోల్టు దిగుతోంది, దాన్ని పట్టుకుని కొలిస్తే దిగింది దిగినట్టు కనపడదు. జెట్టీ ఓ పిసరు ఎక్కువ దిగింది కాబట్టి మిగతా దీవి లేచినట్టు కనిపించింది. నా ఒళ్ళంతా జలదరించింది. భయంతో కొంత. మిగతాది ఏమిటో చెప్పడానికి సిగ్గుగా ఉంది. నేను వాల్చలేదు అన్న సంతోషం అది.

మర్నాడు తెల్లవారీ తెల్లవారకముందే దీపస్తంభం కింద ఉన్నాం. గాలి లేదు. సముద్రం పరిచిన గుడ్డలా ఉంది. వదిన లెవెల్ రాతి బోల్టు దగ్గర పెట్టింది. నేను సరంగుతో దీవికి వెళ్ళి జెట్టీ బోల్టు మీద స్టాఫ్ నిలబెట్టాలి. అంత దూరం నుంచి అంకెలు కనపడవు. అందుకని స్టాఫ్ మీద పైకీ కిందికీ జారే ఎర్రతెలుపు పలక ఒకటి బిగించాం. ఆమె జెండా పైకెత్తితే నేను పలక పైకి జరపాలి, దించితే దించాలి, గుండ్రంగా తిప్పితే అక్కడ ఆపి, అంకె నేనే చదివి నేనే రాయాలి. నేనే. పద్నాలుగు నెలలుగా నా చేతిని నమ్మని మనిషి ఆ పూట నా కన్నును నమ్మక తప్పలేదు.

"పోయేటప్పుడు తల వంచుకోకు. దూరంగా చూస్తూ కూర్చో. కళ్ళు తిరగవు" అని మాత్రం చెప్పింది.

ఆ రోజు నాకు కళ్ళు తిరగలేదు. తిరగడానికి తీరికెక్కడిది? జెట్టీ మీద మోకాలు ఆనించి స్టాఫ్ పట్టుకున్నాను. బుడగ మధ్యకు తెచ్చాను. అవతల ఒడ్డున చీమంత మనిషి, గోరంత జెండా. పైకి. ఇంకా పైకి. కిందికి కాస్త. ఇంకాస్త. గుండ్రంగా. చదివాను, రాశాను. అలా పదిసార్లు. పదిసార్లూ అంకె రెండు మిల్లీమీటర్ల తేడాలోనే వచ్చింది. ఊపిరి తీసుకుంటే స్టాఫ్ కదులుతుందేమోనని ఊపిరి కూడా పొదుపుగా తీసుకున్నాను. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, పక్కనున్న సరంగు, "ఏమ్మా, లాంచీ ఇంజను ఆపేశానే" అన్నాడు.

చూపు నీళ్ళ మీదుగా పోయేటప్పుడు కాస్త వంగుతుంది. అందుకని ఒడ్లు మార్చుకుని మళ్ళీ అంతా కొలవాలి. ఆమె దీవికి, నేను రాతి దగ్గరికి. ఎండ ఎక్కకముందే ముగించాలి. సరంగు లాంచీని ఎన్నడూ లేనంత జోరుగా నడిపాడు. మళ్ళీ పదిసార్లు. అయిపోయేసరికి నా భుజాలు నావి కావు.

ముగ్గురం లాంచీలోనే కూర్చున్నాం. వదిన రెండు వరసలూ కూడి, సగటు తీసి, పద్నాలుగు నెలల నాటి పుస్తకం తెరిచింది. అప్పుడు రాతి బోల్టు కన్నా జెట్టీ బోల్టు నూట పదకొండు సెంటీమీటర్లు కింద ఉంది. ఇప్పుడు నూట ముప్ఫై, పైన నాలుగు మిల్లీమీటర్లు.

"నూట తొంభై నాలుగు మిల్లీమీటర్లు దిగింది" అంది.

"నా చెక్కలు మూడూ కలిపితే జానెడుండేవమ్మా" అన్నాడు సరంగు.

వదిన ఆయన వైపు అలాగే చూసింది. "నాకన్నా ముందు మీరే కొలిచారు బాబాయ్. నేనే అడగలేదు."

లెక్క ప్రకారం దీవి ఆ పద్నాలుగు నెలల్లో నాలుగు సెంటీమీటర్లు దిగి ఆగిపోవాలి. జెట్టీ పందొమ్మిది దిగింది. హోటలూ, గోడా పదహారు దాటాయి. ఆగిందో లేదో ఎవరికీ తెలియదు. ఇంకో ఎనిమిది రోజుల్లో ఆ జెట్టీ కొసన ఆరువందల మంది నిలబడతారు, వాళ్ళలో నీలం బట్టలతో నేనూ ఉంటాను.

చీఫ్ ఇంజనీరు గారి గదిలో నడిమధ్యన దీవి నమూనా ఉంటుంది, గాజుపెట్టెలో, చిన్న చిన్న చెట్లతో సహా. ఆయన దాని పక్కనే నిలబడి విన్నారు.

"ఎంత?"

"నూట తొంభై నాలుగు సార్."

"మిల్లీమీటర్లేనా?"

"నేను వేరేవాటిలో చెప్పను సార్."

ఆయన కుర్చీలో కూర్చున్నారు. చెడ్డమనిషి కాదు, ఫోను అందుకుని అప్పటికప్పుడే జెట్టీ మూసేయమని, గజ ఈతగాణ్ణి దింపమని చెప్పారు. మధ్యాహ్నానికి కబురొచ్చింది. దీవికీ ఒడ్డుకూ మధ్య ఇరుకైన దారిలో ప్రవాహం జోరెక్కి, జెట్టీ పెట్టెల కింద అడుగును తవ్వేసిందట. మనిషి కూర్చునేంత గుంత ఉందట. అంటే కింద ఒండ్రు అణుగుతోంది, పక్కన ప్రవాహం కోస్తోంది. సరంగు ఇసుక మేటను తిన్నదీ, జెట్టీ పాదాన్ని తిన్నదీ ఒకే ప్రవాహం.

చీఫ్ ఇంజనీరు గారు చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. తర్వాత వదినతో నెమ్మదిగా అన్నారు.

"ప్రారంభం ఆపేస్తున్నాం. జనానికిక ప్రమాదం లేదు. ఒక్క మాట వినమ్మా. అరవై వారాల పుస్తకాల్లో దిగలేదని నీ సంతకాలున్నాయి. బోల్టు అక్కడ పెట్టమన్నది నేనే. ఆ పుస్తకాలు అలాగే ఉండనీ. ఈ వారమే కుంగిందని కొత్త రిపోర్టు రాయి. నీ ఇరవై రెండేళ్ళ పేరు నీకుంటుంది. ఎవరికీ నష్టం లేదు."

నిజం చెప్పనా, నాకు అది న్యాయంగానే అనిపించింది. జనం బతికారు, ఇంకేం కావాలి? వదిన మాత్రం గాజుపెట్టెలోని బుల్లి గోడ వైపు చూస్తోంది.

"ఈ వారమే కుంగిందంటే జెట్టీ ఒక్కటే పాడైందనుకుంటారు సార్. గుంత పూడ్చి తెరిచేస్తారు. ఏడాదికి పైగా ఆగకుండా దిగుతోందని తెలిస్తేనే దీవి మొత్తం గురించి ఆలోచిస్తారు. ఆ గోడ ఎత్తు లెక్క కట్టింది నా అంకెలతో. తుపానొస్తే అల నా పేరు చూసి ఆగదు."

"అయితే ప్రతి పేజీ కొట్టేయాలి నువ్వు."

"కొట్టేస్తాను సార్. బోల్టు సంగతి మీది మీరు రాసుకోండి."

ఆయన తలూపారు. తర్వాత రాసుకున్నారు కూడా.

ప్రారంభం జరగాల్సిన ఆదివారం ఉదయం, మా ముందు గదిలో గుడ్డలు కత్తిరించే బల్ల మీద తొమ్మిది పుస్తకాలు పేర్చి ఉన్నాయి. ఏ పేజీలో ఏ అంకె అసలు ఎంతో నిర్ధారించడానికి కుదరదు, అందుకని పైన కొత్త అంకె రాయడానికి లేదు. ఒక్కొక్క వరస మీద ఒక్కొక్క గీత, పక్కన పొట్టి సంతకం, 'బెంచ్ మార్కు కదిలింది' అన్న మాట, అంతే. అన్న తన చెక్క స్కేలు తెచ్చిచ్చాడు. వదిన మొదటి గీత కొట్టడానికి అయిదు నిమిషాలు పట్టింది. కలం పేజీ మీద ఆనించి, తీసి, మళ్ళీ ఆనించింది. అన్న ఆమె పక్కనే స్టూలు లాక్కుని కూర్చుని పేజీలు తిప్పాడు. మూడో పుస్తకానికొచ్చేసరికి వాళ్ళిద్దరి చేతులూ మిషను మీద పనిచేస్తున్నట్టు లయలో పడ్డాయి. నేను టీ పెట్టి ఇచ్చాను, కళ్ళు తుడుచుకున్నాను, మళ్ళీ టీ పెట్టాను.

వాళ్ళు భోజనానికి లేచాక నేను ఒక పుస్తకం తెరిచాను. అంకెల మీద గీతలున్నాయి, అది తెలిసిందే. చివరి గడిలో 'స్టాఫ్ వాలింది' అన్న చోటా గీత ఉంది. దాని పైన, ఆమె చేత్తో, చీమ తలకాయంత అక్షరాల్లో 'స్టాఫ్ నిటారుగానే ఉంది' అని రాసి ఉంది. పొట్టి సంతకం. ఇంకో పేజీ తిప్పాను, అక్కడా అంతే. ఇంకోటి. నలభై మూడు చోట్ల. ఆ గడి కొట్టేయమని ఆమెను ఎవరూ అడగలేదు. దీవి లెక్కకు దానితో పనే లేదు.

సోమవారం మళ్ళీ దీపస్తంభం దగ్గరే. ఇక ప్రతి వారం రాతి బోల్టు నుంచే కొలవాలని నిర్ణయమైంది. గోడ ఎత్తు పెంచుతారా, హోటలు తెరుస్తారా, ఎవరికీ తెలియదు. దీవి దిగుతూనే ఉంది. దాన్ని ఇప్పటికీ చూడగానే నాకు గంతులేయాలనిపిస్తుంది. కానీ ఇప్పుడు చంటిపిల్లకు జ్వరం చూసినట్టు చూస్తున్నాను.

నేను అలవాటుగా స్టాఫ్ భుజానికెత్తుకున్నాను. వదిన వచ్చి నా భుజం మీంచి దాన్ని తీసుకుంది.

"ఇవాళ నేను పట్టుకుంటా. నువ్వు కన్ను పెట్టు."

"పరీక్ష కాకుండానా?"

"సంతకం పెట్టి ఆఫీసులో ఇచ్చేశా. నా సంతకానికి ఇంకా విలువుంటే."

లాంచీలో ఆమె దీవికి వెళ్ళింది. నేను లెవెల్ కాళ్ళు బిగించి, చూపు కుదిరేదాకా మర తిప్పి, ఒక కన్ను మూసుకున్నాను. పొగమంచులోంచి వచ్చినట్టు జెట్టీ వచ్చింది, ఇత్తడి బోల్టు వచ్చింది, దాని మీద స్టాఫ్, దాన్ని రెండు చేతులతో పట్టుకుని పొట్టి మనిషి. బడిపిల్లలా మోకాళ్ళు దగ్గరికి చేర్చి, ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది. స్టాఫ్ దారం పట్టినట్టు నిటారుగా ఉంది.

నేను జెండా తీసి, పక్కకు వంచి ఊపాను. మా సంకేతాల్లో దానర్థం, స్టాఫ్ వాలింది.

వదిన ఉలిక్కిపడింది. గబగబా బుడగ చూసుకుంది, అటు జరిపింది, ఇటు జరిపింది, మళ్ళీ చూసుకుంది. తర్వాత ఆగి, నేరుగా నా వైపు తలెత్తింది. కిలోమీటరు దూరం నుంచి నేను ఆమెకు చీమంత కనపడుతూ ఉంటాను, కానీ ఆమె నాకు స్పష్టంగా కనిపిస్తోంది. మొదట నోరు తెరిచింది. తర్వాత భుజాలు కదలడం మొదలైంది. వదిన నవ్వుతోంది, కడుపు పట్టుకుని, స్టాఫ్ మొత్తం ఊగిపోయేలా నవ్వుతోంది. పక్కన సరంగు ఏమైందో తెలియక దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

ఆమె నవ్వు ఆగేదాకా ఆగి, బుడగ మధ్యకు వచ్చాక, పలక జరిపించి, ఆ రోజు మొదటి వరస రాయించాను. నా పుస్తకంలో చివరి గడి ఖాళీగా ఉంచాను.